వచ్చిన పాటీ అలవాటు మళ్ళీ పోయిందా? మూడు వస్తువులు, ఒక పీట: మా ఇంటి రివ్యూ

నమస్తే అండీ. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ బల్ల మీద మూడు వస్తువులున్నాయి, చూడండి. పాట పాడే ప్లాస్టిక్ పాటీ చైర్, కమోడ్ మీద పెట్టే చిన్న సీటు, మందంగా కుట్టిన ట్రైనింగ్ చడ్డీ. నాలుగోది కూడా ఒకటుంది, అది మీ ఇంట్లోనూ ఉంటుంది. మధ్యలో చూపిస్తా.

ఇలాంటి రివ్యూలు బోలెడున్నాయి కానీ, అన్నీ మొదటిసారి నేర్పించేవాళ్ళ కోసమే. మనది వేరే కథ. పిల్లాడు చక్కగా నేర్చుకున్నాడు, డైపర్ మానేశారు, చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నారు కూడా. ఉన్నట్టుండి మళ్ళీ హాల్లో, మంచం మీద, సోఫా వెనక ఉచ్చ పోసేస్తున్నాడు. అలాంటప్పుడు వీటిలో ఏది పనికొస్తుంది, ఏది అటకెక్కుతుంది, అదీ ఇవాళ్టి సంగతి.

మా వాడికి రెండున్నరేళ్ళు దాటాయి. రెండో కాన్పుకి నేను ప్రొద్దుటూరులో మా అమ్మవాళ్ళింటికి వెళ్ళాను. పాత ఇల్లు, బాత్‌రూమ్ పెరట్లో, లోపల చీకటి, ఇండియన్ టాయిలెట్. వాడికేమో ఇక్కడ కమోడ్ అలవాటు. దానికి తోడు చెల్లెలు పుట్టింది. ఇంకేముంది, నేర్చుకున్నదంతా పోయింది. కొత్త బిడ్డ రావడం, ఇల్లు మారడం, స్కూల్లో వేయడం, జ్వరం పడి లేవడం, ఈ వయసులో అలవాటు తప్పేది ఎక్కువగా వీటివల్లే. పిల్లాడు మనల్ని సాధిస్తున్నాడనిపిస్తుంది గానీ, వాడికంత ఆలోచన ఎక్కడిది!

సరే, పాటీ చైర్. దీంట్లో నాకు నచ్చింది ఎత్తు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనతాయి, ముక్కడానికి బలం దొరుకుతుంది. చీకటి బాత్‌రూమ్ అంటే భయపడే పిల్లలకి వరండాలోనైనా వేసి కూర్చోబెట్టొచ్చు. నచ్చనిది పాట. గిన్నె అడుగున రెండు చిన్న లోహపు చుక్కలున్నాయి, కెమెరా దగ్గరికి తెస్తా. వాటికి తడి తగిలితే మోగుతుంది. కొంచెం నీళ్ళు పోస్తా... విన్నారు కదా. కొన్న కొత్తలో ఈ పాట వాడికి భలే సరదా. తిరిగొచ్చాక అదే పాటకి ఉలిక్కిపడి మధ్యలో లేచి నిలబడ్డాడు, మిగతాదంతా గచ్చు మీదే. కడిగి సరిగ్గా ఆరబెట్టకపోతే అర్ధరాత్రి దానంతటదే మోగుతుంది, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అదెలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాటరీలు తీసేశాను. బ్యాటరీలు లేకుండా అయిదుకి నాలుగు, ఉంటే రెండు.

రెండోది కమోడ్ సీటు. కింద రబ్బరు పట్టీ ఉన్నదే తీసుకోండి, లేనిది జారుతుంది. ఒకసారి జారిందంటే వాడు మళ్ళీ ఎక్కడు. అసలు సమస్య కాళ్ళు. గాల్లో వేలాడుతుంటే పడిపోతాననే భయంతోనే సరిపోతుంది, ఇంక ముక్కేదెక్కడ? అందుకే నాలుగో వస్తువు, ఇదిగో, ఎత్తు పీట. మా అత్త కూరగాయలు తరగడానికి కూర్చునేది. కాళ్ళ కింద ఇది వేస్తే మోకాళ్ళు నడుము కన్నా కొంచెం పైకి వస్తాయి, దాదాపు ఇండియన్ టాయిలెట్‌లో కూర్చున్నట్టే. సీటు ఒక్కటే అయితే రెండు, పీటతో కలిపి నాలుగున్నర. మా అత్తకి ఇంకో పీట కొనిచ్చాను.

ఇప్పుడు వస్తువులు పక్కన పెట్టి అసలు విషయానికి వస్తా. అలవాటు తప్పిందంటే ముందు చూడాల్సింది పిల్లాడి కడుపు. మా వాడు బీరువా పక్కన నక్కి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలిక వేసి, ముఖం ఎర్రగా చేసుకునేవాడు. చూసినవాళ్ళంతా పాపం ముక్కుతున్నాడు, రావట్లేదు అనేవాళ్ళు. పిల్లల డాక్టరు చెబితే తెలిసింది, అది రాకుండా ఆపుకోవడం. ఒకసారి దొడ్డికి గట్టిగా వచ్చి నొప్పి పుడితే మళ్ళీసారి ఆపుకుంటారు. ఆపుకున్నకొద్దీ లోపల ఇంకా గట్టిపడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అలా నిండిపోయిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి ఉచ్చ కూడా తప్పుతుంది. కొందరికి గట్టిదాని పక్కనుంచి పల్చగా జారి చడ్డీకి అంటుతుంది. అది చూసి విరేచనాలనుకుని, మోషన్లు కట్టే మందు వేశారంటే పని ఇంకా చెడుతుంది.

మా అత్త తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెడదామంది. వాళ్ళ కాలంలో అందరిళ్ళలోనూ చేసేవాళ్ళే. కానీ ఇప్పటికే అక్కడ నొప్పని బెదిరిన పిల్లాడికి అది ఇంకా భయం పెడుతుంది, వద్దన్నాను. డాక్టరు మెత్తబడే మందు రాశారు. ఇది రెండు రోజులు వాడి ఆపేసేది కాదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాళ్ళు చెప్పకుండా ఆపకండి. పాలు తగ్గించమన్నారు. రోజుకి అర లీటరు దాటితే ఆ పాలతోనే కడుపు నిండిపోయి అన్నం, కూర తినరు. మన ఎండలకి నీళ్ళు మాటిమాటికీ తాగించాలి. బొప్పాయి, జామ, నానబెట్టిన ఎండుద్రాక్ష పెట్టాను. తిన్న పావుగంటకో అరగంటకో పేగు దానంతటదే కదులుతుంది, అప్పుడు ఓ అయిదు నిమిషాలు కూర్చోబెట్టడం. రాకపోతే లేపేయడం, అంతే. డైపర్‌లోనే వెళ్తానని ఏడిస్తే వేసేయండి, ఆపుకోవడం కన్నా అదే నయం. కాకపోతే ఆ పని బాత్‌రూమ్‌లో కానివ్వండి.

గచ్చు తడిసినప్పుడు నేను ఎక్కువ మాట్లాడను. "తడిసిందా, రా నాన్నా, మార్చుకుందాం" అంటాను, తడి చడ్డీ బకెట్లో వాడే వేస్తాడు. మా అత్త కూడా అంతే, "అరవాకమ్మా, బిడ్డ బెదురుకుంటాడు" అంటుంది. నిమిషానికోసారి వస్తోందా, వస్తోందా అని అడిగితే ఏ పిల్లాడైనా లేదనే అంటాడు. అడగడం మానేసి, "వైవీ స్ట్రీట్‌కి పోతున్నాం, పోసి వద్దాం పద" అంటే వస్తాడు.

మూడోది, ట్రైనింగ్ చడ్డీ. పేరు చూసి డైపర్ అనుకోకండి. చిన్న తడిని ఆపుతుంది, మొత్తం పోస్తే కాళ్ళ వెంట కారుతుంది. తడి ఒంటికి తగులుతుంది కాబట్టి పిల్లాడికి తెలుస్తుంది, అంతవరకు మేలే. మే నెలలో రోజంతా వేస్తే మాత్రం ఒరుపు, చెమటకాయలు ఖాయం. వానాకాలంలో ఆరవు. బయటికి వెళ్ళేటప్పుడు వేయడానికి రెండు చాలు, అరడజను ప్యాక్ దండగ. దీనికి అయిదుకి మూడు.

ఉచ్చ పోసేటప్పుడు మంటని ఏడ్చినా, జ్వరం ఉన్నా, ఊరికే చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, రక్తం కనిపించినా ఇలాంటి వీడియోలు చూస్తూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. విపరీతంగా దాహమై నీళ్ళు తాగి, పదేపదే పోస్తుంటే షుగర్ కూడా చూపించాలి.

రాత్రి పక్క తడిపేది దీంతో కలపకండి. అయిదేళ్ళ లోపు దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. పగలు చడ్డీ, రాత్రి డైపర్, మేమైతే అలాగే నడిపిస్తున్నాం. పక్క కింద వేసే రబ్బరు షీట్లు ఏవి బాగున్నాయో వచ్చే వీడియోలో చూపిస్తా. చెల్లెలు లేచినట్టుంది, ఉంటానండీ.