కాగితం మీద చనిపోయిన డాక్టరు

సభకు నమస్కారం.

జోసెఫ్ హెల్లర్ రాసిన 'క్యాచ్-22' నవల 1961లో వెలువడింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీకి చేరువలోని పియనోసా దీవిలో మకాం వేసిన ఒక అమెరికన్ బాంబర్ దళం కథ అది. హెల్లర్ స్వయంగా ఆ యుద్ధంలో కోర్సికా దీవి నుంచి బి-25 విమానాల్లో 60 దాడులకు వెళ్లి, బాంబులు జారవిడిచే బాధ్యత మోసినవారు.

నవల పేరులోని నిబంధన ప్రసిద్ధమైనదే. మతి చలించినవాణ్ని యుద్ధవిమానం ఎక్కించరాదు, అయితే తన మతి చలించిందని అతనే వచ్చి చెప్పుకోవాలి. ప్రాణభయంతో అలా చెప్పుకోగలిగినవాడికి మతి స్థిమితంగానే ఉన్నట్లు లెక్క కనుక అతను మళ్లీ ఎగరవలసిందే. నన్ను అంతకన్నా ఎక్కువగా పట్టి నిలిపింది ఆ దళం వైద్యుడు డానీకా కథ.

విమానమంటే భయమున్న డానీకా, ఎగిరేవారికిచ్చే అదనపు జీతం పోకుండా, మెక్‌వాట్ నడిపే విమానం పట్టీలో తన పేరు రాయించుకుంటూ ఉంటాడు. ఒకనాడు మెక్‌వాట్ విమానాన్ని కొండకు ఢీకొట్టి చనిపోతాడు. పట్టీలో పేరుంది కనుక డానీకా కూడా పోయినట్లే. తాను ఇక్కడే ఉన్నానని పక్కన నిలబడి మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కదు, జీతం ఆగిపోతుంది. బతికే ఉన్నానని ఆయన భార్యకు ఉత్తరం రాస్తాడు. కానీ శ్రీమతి, శ్రీ, కుమారి అన్న సంబోధనలన్నీ ఒకే వరుసలో ఉన్న కర్నల్ గారి అచ్చు సంతాపలేఖ కూడా ఆమెకు చేరుతుంది. బీమా సొమ్ము అందుకున్న ఆమె, పిల్లలతో మరో ఊరికి, చిరునామా చెప్పకుండా వెళ్లిపోతుంది.

నేను పింఛన్ల విభాగంలో పనిచేస్తాను. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు సాధారణంగా ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం అవసరాన్ని నేను కాదనను. రికార్డు లేకపోతే నష్టపోయేది ముందుగా పేదవారే. అయితే వేలిముద్ర పడని వృద్ధురాలు ఎదుట నిలిచినప్పుడు మొదట ఆమె ముఖం చూడాలని, కంప్యూటర్ తెర సంగతి తరువాతనని నాకు నేర్పింది డానీకాయే.

స్నోడెన్ అనే కుర్రవాడి మరణం నేర్పినది ఇంకా లోతైనది. అవిన్యోన్ మీది దాడిలో గాయపడిన అతనికి కథానాయకుడు యోసారియన్ ఎంతో శ్రద్ధగా తొడకు కట్టు కడతాడు. చలేస్తోందని కుర్రవాడు పదేపదే అంటూనే ఉంటాడు. ప్రాణం తీసే గాయం రక్షణకవచం కింద ఉంది. ఈ సంఘటనను ముక్కలు ముక్కలుగా తలపిస్తూ వచ్చిన హెల్లర్, 42 అధ్యాయాల నవలలో 41వ అధ్యాయంలో గానీ దాన్ని పూర్తిగా చెప్పరు. డానీకాను సైన్యం చూడనే లేదు. యోసారియన్ మాత్రం చూశాడు, ప్రేమతోనే చూశాడు, అయినా కంటికి కనిపించిన గాయం దగ్గరే ఆగాడు. ఎవరైనా తమ కష్టం చెప్పుకున్నప్పుడు చేతనైన సాయం చేశాక, ఇంకేమైనా ఉందా అని మరొక్కసారి అడగడం ఆ అధ్యాయం చదివాకే నాకు అలవాటైంది.

తొలి అధ్యాయాల్లో కాలం ముందుకూ వెనక్కీ ఊగడం వల్ల కొందరు ఈ పుస్తకాన్ని మధ్యలోనే మూసేస్తారు. చదవబోయేవారు దాడుల సంఖ్యను గమనిస్తూ వెళ్లండి. ఇంటికి పంపడానికి పూర్తి చేయవలసిన దాడులను కర్నల్ కాత్‌కార్ట్ 80 దాకా పెంచుకుంటూ పోతాడు; ఏ సంఘటన ముందు జరిగిందో, ఏది తరువాతిదో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.