295 రూపాయల టికెట్‌ను విప్పి చూద్దాం: రేట్ల గొడవలో ఎవరి లెక్క ఎక్కడ తప్పుతోంది

[తెరపై: మల్టీప్లెక్స్ టికెట్ దగ్గరగా. 295 అంకె చుట్టూ ఎర్ర గీత.]

హైదరాబాద్‌లో మల్టీప్లెక్సులకి వెళ్లేవాళ్లకి ఈ అంకె కంఠతా వచ్చు. 295. చిల్లర గోల లేకుండా మూడు వందలు పెట్టొచ్చుగా? కుదరదు. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవో ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటు గరిష్ఠ ధర 250. దానిమీద 18 శాతం జీఎస్టీ, 45. రెండూ కలిపితే 295. ఏసీ సింగిల్ స్క్రీన్‌కి గరిష్ఠం 150, పన్ను 27, కలిపి 177. విజయవాడ, వైజాగ్ మల్టీప్లెక్సుల్లో కనిపించే 177 కూడా ఇదే కూడిక. అక్కడ 2022 మార్చిలో వచ్చిన 13వ నంబరు జీవో మామూలు సీటుకి 150 పెట్టింది.

పెద్ద సినిమా వస్తోందంటే చాలు, ఈ గరిష్ఠం మీద ఇంకొంత పెంచుకోనివ్వమని ప్రభుత్వాన్ని అడుగుతారు. దాంతో టీవీల్లో ఒకటే వాదన. సామాన్యుడు సినిమా చూడొద్దా అని ఒకరు, అంత బడ్జెట్ పెట్టాక రేటు పెంచుకోకపోతే ఎలా అని ఇంకొకరు. ఇద్దరిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. పెంచిన యాభై రూపాయలు ఎవరి జేబులోకి వెళ్తాయి?

[తెరపై: మూడు గిన్నెలు. గ్రాస్, నెట్, షేర్.]

ముందు మూడు మాటలు తేల్చుకుందాం. పోస్టర్ మీద వేసే వంద కోట్లు గ్రాస్. ప్రేక్షకుడు కట్టిన పన్ను కూడా అందులోనే ఉంటుంది. టికెట్లన్నీ 18 శాతం శ్లాబులో ఉన్నాయనుకుంటే, పన్ను తీసేశాక మిగిలేది 84 కోట్ల 75 లక్షలు. అది నెట్. అందులోంచి థియేటర్ వాటా తీసేస్తే డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్లు, అంటే బయ్యర్లు, బ్రేక్ ఈవెన్ (పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా లేదా) చూసుకునేది ఈ షేర్‌తోనే. బడ్జెట్ పక్కన గ్రాస్ పెట్టి హిట్టో ఫ్లాపో తేల్చేవాళ్లు, జీతం చేతికి రాకముందే ఖర్చు రాసుకున్నట్టే.

ఇక థియేటర్ వాటా. అసలు పేచీ ఇక్కడే.

మల్టీప్లెక్సులది పర్సంటేజీ పద్ధతి. హిందీ సినిమాలకి 2009లో నిర్మాతలు, మల్టీప్లెక్సుల మధ్య రెండు నెలల ప్రతిష్టంభన తర్వాత కుదిరిన లెక్క ప్రకారం నిర్మాత వైపు వాటా మొదటి వారం 50 శాతం, తర్వాత 42.5, 37.5, ఆపైన 30. మన సింగిల్ స్క్రీన్లలో ఎక్కువగా నడిచేది మాత్రం అద్దె పద్ధతి. సినిమా ఆడినా ఆడకపోయినా థియేటర్‌కి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు.

[తెరపై: నల్లబల్ల మీద లెక్క.]

ఒక ఊళ్లో 700 సీట్ల ఏసీ హాలు ఉందనుకుందాం. రోజుకి నాలుగు ఆటలు, అంటే 2,800 సీట్లు. లెక్క తేలిగ్గా ఉండడానికి అన్ని సీట్లకీ నెట్ రేటు 150, రోజు అద్దె 30,000 అనుకోండి.

శుక్రవారం 80 శాతం నిండింది. 2,240 టికెట్లు, నెట్ 3,36,000. థియేటర్‌కి 30,000 పోగా డిస్ట్రిబ్యూటర్‌కి 3,06,000. అంటే వసూలైన ప్రతి వందలో థియేటర్ ఓనరుకి దక్కింది తొమ్మిది రూపాయల లోపే.

రెండో మంగళవారం 8 శాతమే నిండింది. 224 టికెట్లు, నెట్ 33,600. అద్దె ఇచ్చేస్తే డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది 3,600. సరిగ్గా ఈ దశలోనే ‘ఇక అద్దె వద్దు, పర్సంటేజీ మీద ఆడిద్దాం’ అని డిస్ట్రిబ్యూటర్ నుంచి కబురు వస్తుంది. లాభాలొచ్చే రోజుల్లో అద్దె, ఈగలు తోలే రోజుల్లో వాటా! 2025 వేసవిలో జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్ నడిపేవాళ్లు, హెచ్చరించింది ఈ పద్ధతి మార్చమనే.

అయితే వాళ్ల వాదనలోనూ ఒక మెలిక ఉంది. థియేటర్‌కి 40 శాతం వాటా అనుకుంటే, శుక్రవారం 1,34,400 వస్తాయి, పండగే. ఆ మంగళవారం మాత్రం 13,440. కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు అందులోంచే కట్టాలి. పర్సంటేజీ అడిగేవాళ్లు ఆ మంగళవారానికి కూడా ఒప్పుకోవాలి.

[తెరపై: 150 అంకె చెరిగి 200 అవుతుంది.]

ఇప్పుడు రేటు పెంచుదాం. పన్ను కాకుండా 50 పెంచితే 177 కాస్తా 236 అవుతుంది. నలుగురున్న ఇంటికి ఒక్క సినిమాకే 236 అదనం, ఇంకో టికెట్ ధర. మరి జనం తగ్గితే? వందమంది 150 చొప్పున ఇచ్చినా, 75 మంది 200 చొప్పున ఇచ్చినా నెట్ 15,000. అంటే పాతికమంది రాకపోయినా డిస్ట్రిబ్యూటర్‌కి పైసా పోదు. అద్దె మీద నడిచే హాలుకి టికెట్ పెంపు వల్ల రూపాయి కలవదు, పైగా విరామంలో పాతిక సమోసాలు, పాతిక కూల్‌డ్రింకులు అమ్ముడుపోవు. సింగిల్ స్క్రీన్ మీద నాలుగు రాళ్లు మిగిలేది క్యాంటీన్‌లోనే. అందుకే ‘సినిమా పరిశ్రమ రేట్లు పెంచమంటోంది’ అనే వాక్యమే తప్పు. పరిశ్రమలో ఒక పక్షం అడుగుతోంది.

ఆ పక్షం మాటనీ కొట్టిపారేయలేం. బయ్యరు విడుదలకి ముందే కోట్లు కట్టి కూర్చుంటాడు, అందులో చాలావరకు వడ్డీకి తెచ్చిందే. ఎన్నో సినిమాలు నాలుగు వారాల్లో ఓటీటీకి వచ్చేస్తున్నాయి. కాబట్టి డబ్బు పదిరోజుల్లోనే రాబట్టుకోవాలి. మొదటి మూడు రోజులూ అభిమాని ఎంతైనా పెడతాడు. రేటు పెంచకపోతే ఆ తేడా బ్లాకులో అమ్మేవాడు తింటాడు. ఇది నిజం. పెంపు వికటించేది సోమవారం నుంచి. అభిమానులు అయిపోయాక రావాల్సింది కుటుంబాలు, వాళ్లు రేటు తగ్గేదాకా ఆగుతారు. ఆగినవాళ్లలో చాలామంది ఇక రారు, ఓటీటీలో చూసేస్తారు. నా ఉద్దేశంలో పెంపు మూడు రోజులకైతే సమర్థించొచ్చు. పదిరోజులంటే తన కాలు తాను నరుక్కోవడమే.

బడ్జెట్ వాదనకి జవాబు ఆంధ్రప్రదేశ్ జీవోలోనే ఉంది. ప్రత్యేక పెంపు కావాలంటే హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు తీసేశాక ఖర్చు వంద కోట్లు దాటాలని 2022లో షరతు పెట్టారు. బడ్జెట్ అంటే ఏది లెక్కలోకి వస్తుందో ముందు తేల్చండి అని దాని భావం.

[తెరపై: పల్లెటూరి పాత హాలు, తాళం వేసిన గేటు.]

మరి గట్టిగా తగ్గించేస్తే? 2021 ఏప్రిల్‌లో ఆంధ్రలో 35వ నంబరు జీవో పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లకి 5, 10, 15 రూపాయలు ఖరారు చేసింది. 300 సీట్లూ నిండి, అందరూ పదిహేనే ఇచ్చినా ఆటకి 4,500. అందులో ఏం తిని ఏం కట్టాలి? ఆ డిసెంబరులో చాలా హాళ్లు మూతపడ్డాయి, చివరికి 13వ నంబరు జీవోతో రేట్లు సవరించారు. ఒకసారి ఫంక్షన్ హాలుగా మారిన థియేటర్ మళ్లీ థియేటర్ కాదు. ఊళ్లో ఇంటిల్లిపాదీ సినిమాకెళ్లే అలవాటు దాంతోపాటే పోతుంది.

పన్ను పెట్టే తిరకాసు వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు టికెట్‌కి 5 శాతం, దాటితే 18 శాతం. వంద టికెట్ 105కి వస్తుంది. హాలువాడు పది పెంచి 110 చేస్తే ప్రేక్షకుడు కట్టేది 129.80. పెంపు పది, భారం దాదాపు పాతిక. చిన్న ఊళ్లలో వంద దగ్గరే రేటు ఆపుకోవడం తెలివైన పని.

[తెరపై: ఆర్టీసీ క్రాస్ రోడ్స్, రాత్రి.]

విడుదలకి ముందే వేసే బెనిఫిట్ షోల సంగతి వేరే. 2024 డిసెంబర్ 4 రాత్రి అలాంటి షో సమయంలో హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు. ఆ నెలలోనే ఇక బెనిఫిట్ షోలు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో ప్రకటించారు. అది ప్రాణభద్రత విషయం. దాన్ని తెచ్చి రేటు చర్చలో కలిపితే రెండూ చెడతాయి.

[తెరపై: ప్రభుత్వ మెమో. మూడు చోట్ల పసుపు గీత.]

ఈసారి రేటు పెంపుకి ప్రభుత్వం అనుమతిచ్చే మెమో వాట్సాప్‌లో కనబడితే మూడుచోట్ల చూడండి. ఎన్ని రోజులకి? ఏ ఆటలకి? జీఎస్టీతో కలిపా, విడిగానా? విడిగా యాభై అంటే మీరు కట్టేది 59. కలిపి యాభై అంటే, పన్ను పోగా అవతలివాళ్లకి చేరేది 42 రూపాయల 37 పైసలు.