ఓపెన్ టెన్త్ చదవాలనుకునే పెద్దలు దొంగ మెమోల వలలో పడకుండా

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పగటి పనులన్నీ ముగించుకుని ఇక్కడికి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ముప్పయ్యో నలభయ్యో ఏళ్లు వచ్చాక పదో తరగతి పాసవ్వాలని ఎవరైనా అనుకున్నారంటే దాని వెనుక బలమైన అవసరమే ఉంటుంది. ఒకరికి పది పాసైనవారిని తీసుకునే ఉద్యోగానికి దరఖాస్తు చేయాలని ఉంటుంది, ఇంకొకరికి అటెండరు ఉద్యోగం నుంచి పై మెట్టు ఎక్కాలని ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి మరో కారణం ఉంది. పది పాసైన రుజువు లేకపోతే వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ కిందకు వస్తుంది, అప్పుడు సౌదీ, కువైట్, ఖతర్ వంటి 18 దేశాలకు పనికి వెళ్లడానికి ఎమిగ్రేషన్ అధికారుల అనుమతి తప్పనిసరి అవుతుంది. ఆ అనుమతి ఉన్నది తక్కువ చదువుకున్న కార్మికుడి రక్షణ కోసమేననీ, దొంగ మెమోతో దాన్ని తప్పించుకున్నవాడు ఆ రక్షణను కూడా పోగొట్టుకుంటున్నాడనీ ఆ మెమోలు అమ్మే ఏజెంట్లు చెప్పరు.

ఈ అవసరానికి రెండు భావాలు తోడవుతాయి: తొందర, సిగ్గు. ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాస్తే నలుగురూ ఏమంటారోనన్న సంకోచం మనిషిని రహస్యంగా పని కానిచ్చుకునే దారి వైపు నెడుతుంది. కరెంటు స్తంభాల మీదా, ఆటోల వెనుకా, ఫోనుల్లోనూ కనిపించే “టెన్త్, ఇంటర్ ఫెయిలయ్యారా, నెలలో పాస్” అన్న ప్రకటనలు సరిగ్గా ఆ మనిషి కోసమే రాసినవి.

ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలివారు అడిగే మొదటి ప్రశ్నలోనే విషయం తెలిసిపోతుంది. “ఏ సంవత్సరం మెమో కావాలి?” అని అడుగుతారు, ఆ తర్వాత మార్కులు ఎన్ని ఉండాలో అడుగుతారు. రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసే వీలు కల్పించే అసలైన ఓపెన్ స్కూల్ అధ్యయన కేంద్రంలో ఎవరూ ఇలా అడగరు. పుట్టినతేదీ రుజువు ఉందా, ఏ మాధ్యమం తీసుకుంటారు, ఏయే సబ్జెక్టులు ఎంచుకుంటారు అని అక్కడ అడుగుతారు. పరీక్ష ఊసే లేకుండా సంవత్సరాన్నీ మార్కులనూ మీకే వదిలేసేవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా అమ్ముతున్నది ఫోర్జరీ కాగితమే.

ఆ కాగితం చూడటానికి మాత్రం నిజమైనదిలాగే ఉంటుంది. పైన జాతీయ చిహ్నం, మూలన హోలోగ్రామ్, బోర్డు పేరులో జాతీయ, కేంద్రీయ, ఓపెన్ వంటి మాటలు కనిపిస్తాయి. సొసైటీల చట్టం కింద రిజిస్టరయ్యామనీ, ఐఎస్ఓ ధ్రువీకరణ ఉందనీ చెబుతారు, కానీ ఆ రెండింటిలో ఏదీ పరీక్షలు నిర్వహించి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారాన్ని ఇవ్వదు. అంతకన్నా ప్రమాదకరమైనది, అనుమానపడినవారికి వాళ్లు ఇచ్చే వెబ్‌సైటు. రోల్ నంబరు కొట్టగానే మీ పేరూ మార్కులూ తెర మీదికి వస్తాయి, దాంతో అనుమానం తీరిపోతుంది. ఆ వెబ్‌సైటు నడుపుతున్నది కూడా వాళ్లే. అందుకే అమ్మేవాడు పంపిన లింకుతో ఎప్పుడూ సరిచూడకూడదు. దేశంలోని పాఠశాల బోర్డుల మండలి అయిన కాబ్సే తన సభ్య బోర్డుల జాబితాను తన వెబ్‌సైటులో ఉంచుతుంది, దాన్ని మీరే వెతికి తెరవాలి, లేదా ఊళ్లోని ప్రభుత్వ హైస్కూలు హెడ్‌మాస్టరు గారిని అడగాలి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగే మోసం కాదు. అమెరికాలో హైస్కూలు పూర్తిచేయని పెద్దలకు 1942 నుంచి జీఈడీ పరీక్ష ఉంది, అందులో నాలుగు సబ్జెక్టులు రాయాలి, ఇంటి నుంచి రాసినా కెమెరా ద్వారా పర్యవేక్షకులు చూస్తూనే ఉంటారు. అయినా ఆన్‌లైన్ హైస్కూళ్ల పేరుతో రెండు మూడు వందల డాలర్లకు డిప్లొమాలు అమ్మిన ఫ్లోరిడా సంస్థల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు వేసింది. వాళ్ల పరీక్షలో తప్పినవారికి మళ్లీ రాసేటప్పుడు సరైన జవాబును తెర మీదే గుర్తుపెట్టి చూపించేవారు. ఇలా వాళ్లు కోటి పది లక్షల డాలర్లకు పైగా వసూలు చేశారు. ఆ డిప్లొమాలతో కాలేజీకో సైన్యానికో దరఖాస్తు చేసినప్పుడు గానీ అవి చెల్లవని చాలామందికి తెలియలేదు.

నన్ను ఎక్కువగా బాధించేది ఏమిటంటే, అసలైన దారి మనవాళ్లు అనుకునేంత కష్టమైనది కాదు. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా స్వతంత్ర సంస్థ అయి, 2002 నుంచి ఎన్ఐఓఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్) పేరుతో నడుస్తున్న జాతీయ సంస్థలో పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా పదో తరగతికి చేరవచ్చు, గరిష్ఠ వయోపరిమితి లేదు. బడి రికార్డు లేనివారు ఆ కోర్సు చదవగలమని తామే రాసి ఇస్తే సరిపోతుంది. తెలుగు మాధ్యమం ఉంది. ఐదు సబ్జెక్టులను ఒకేసారి రాయనక్కరలేదు, ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఇస్తారు, ఒకసారి పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలూ, అంటే రాష్ట్ర ఓపెన్ స్కూళ్లూ, ప్రభుత్వ పాఠశాలల్లోనే కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో తరగతులు చెప్పి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుపుతున్నాయి. ఎన్ఐఓఎస్‌లో కోరుకున్నప్పుడు రాసే ఆన్ డిమాండ్ పరీక్ష కూడా ఉంది. ఏజెంట్లు ఆ పేరునే వాడుకుని నమ్మిస్తారు గనుక, దానికి కూడా హాల్‌టికెట్ తీసుకుని, కేంద్రానికి వెళ్లి, మీ చేత్తో మీరే రాయాలని గుర్తుంచుకోండి.

అసలు బోర్డులో చేర్పిస్తూనే మోసం చేసే మధ్యవర్తులు కూడా ఉన్నారు. అసలు రుసుముకు ఎన్నో రెట్లు తీసుకుని, పరీక్ష హాల్లో అంతా చూసుకుంటామని, మీ బదులు ఇంకొకరు రాస్తారని మాట ఇస్తారు. పట్టుబడితే 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద కేసు పడేది మీ మీద కూడా. కొందరు మీ టీసీ, ఆధార్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుని అదనంగా డబ్బు గుంజుతారు. దరఖాస్తులో వాళ్ల ఫోను నంబరు రాస్తే మీ ఓటీపీ, హాల్‌టికెట్ సమాచారం అన్నీ వాళ్లకే వెళతాయి. అందుచేత నంబరు మీదే ఇవ్వండి, జిరాక్సులే ఇవ్వండి, రుసుము అధికారిక పోర్టల్‌లోనో మీసేవలోనో కట్టి రసీదు మీ దగ్గరే ఉంచుకోండి.

నకిలీ మెమోతో ఉద్యోగంలో చేరి కొన్నాళ్లు నెట్టుకురావచ్చునేమో. కానీ సర్టిఫికెట్లను పరిశీలన కోసం జారీ చేసిన బోర్డుకే పంపుతారు, ఆ జవాబు ఎప్పుడు వచ్చినా ఉద్యోగం పోతుంది. ఫోర్జరీ పత్రాన్ని తెలిసి అసలుదిగా వాడినవారికి భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షను ప్రకారం, దాన్ని సృష్టించినవారికి పడే శిక్షే పడుతుంది. పాస్‌పోర్టు కోసం తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం కింద మరో కేసు.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవారు ఈ సభలో కూడా ఉండవచ్చు. మీరు నమ్మారు, వాళ్లు మోసం చేశారు, సిగ్గుపడవలసినది వాళ్లు. ఆ కాగితాన్ని ఎక్కడా వాడకండి. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మాటలు, ఫోను నంబర్లు చెరిపేయకుండా ఉంచి, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు గానీ దగ్గరలోని పోలీసు స్టేషనుకు గానీ ఫిర్యాదు చేయండి. తర్వాత తిన్నగా అధ్యయన కేంద్రానికి వెళ్లండి. ఎప్పుడో రాసి తప్పిన పదో తరగతి మెమో ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. గుర్తింపు పొందిన బోర్డులో అప్పుడు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు బదిలీ చేసే నియమం ఉంది, మీ మెమో దానికి పనికొస్తుందో లేదో అక్కడే చూసి చెబుతారు.