బెల్ మోగింది, గుమ్మంలో ఎవరూ లేరు

అందరికీ నమస్కారం. తెర మీద ఒక్క లైన్ పెట్టాను, ముందు అది చదవండి. "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్." ఇంటరప్ట్ అంటే ఒక పరికరం "నన్ను చూడు" అని సీపీయూని తట్టడం. ఐఆర్‌క్యూ 16 అంటే ఆ తట్టు వచ్చే 16వ నంబర్ లైన్, దాన్ని ఎవరూ పట్టించుకోలేదని మెసేజ్ అర్థం. దాని కింద ఒక స్టాక్ ట్రేస్, అంటే అప్పుడు నడుస్తున్న ఫంక్షన్ల వరస, ఆ ఇంటరప్ట్ లైన్ మీద ఉన్న హ్యాండ్లర్ల, అంటే ఇంటరప్ట్ వస్తే నడిచే డ్రైవర్ ఫంక్షన్ల పేర్లు, అన్నిటికంటే కింద "డిజేబ్లింగ్ ఐఆర్‌క్యూ 16". లినక్స్‌లో డ్రైవర్లు, అంటే పరికరాలని నడిపే కోడ్, రాసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మెసేజ్ చూస్తారు. చూడగానే చాలామంది నెట్‌లో వెతికి, ఎవరో చెప్పిన బూట్ ఆప్షన్ ఒకటి పెట్టేసి, మెసేజ్ పోయింది కదా అని ముందుకెళ్లిపోతారు. ఆ మెసేజ్‌తో కెర్నల్, అంటే ఓఎస్ మధ్యలో ఉండే అసలు కోడ్, ఏం చెబుతోంది, అలా చెప్పాల్సిన పరిస్థితి మన డ్రైవర్ ఎందుకు తెచ్చింది, ఈరోజు అదే మాట్లాడతాను.

నాకు ఇది మొదటిసారి ఎదురైంది ఒక ల్యాబ్‌లో. సెన్సార్ల నుంచి డేటా లాగే ఒక పీసీఐ కార్డుకి, అంటే మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే కార్డుకి, మేం డ్రైవర్ రాస్తున్నాం. పొద్దున్నంతా బాగానే నడిచింది. భోజనం చేసి వచ్చేసరికి మా జూనియర్ కుర్రాడు కంగారుగా నిలబడి ఉన్నాడు. "అన్నా, మౌస్ గెంతుతోంది, కీబోర్డ్ మీద కొట్టింది ఆలస్యంగా పడుతోంది, కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, అయినా అంతే" అన్నాడు. మేం ఆ మధ్యాహ్నమంతా యూఎస్‌బీ వెంట పడ్డాం. వేరే మెషిన్ నుంచి లాగిన్ అయ్యి కెర్నల్ లాగ్ చూస్తే ఈ లైన్ కనిపించింది. 16వ నంబర్ లైన్‌ని యూఎస్‌బీ కంట్రోలర్, మా కార్డు పంచుకుంటున్నాయి. గోల చేసింది మా కార్డు, కెర్నల్ మూసేసింది ఇద్దరి లైన్‌నీ. మూసేశాక కెర్నల్ తనంతట తానే సెకనుకి పదిసార్లు ఆ లైన్ మీద ఉన్న హ్యాండ్లర్లని పిలిచి చూస్తుంది, అందుకే మౌస్ పూర్తిగా ఆగిపోకుండా గెంతుతూ నడిచింది. అసలు తప్పు ఏంటో తర్వాత చెప్తాను, దానికి ముందు కొంచెం పునాది కావాలి.

స్పూరియస్ ఇంటరప్ట్‌ని నేను దొంగ ఇంటరప్ట్ అంటాను. దొంగ ఓటు అన్నట్టే. లెక్కలో ఒకటి పడింది, దాని వెనక మనిషి లేడు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

మొదటి రకం ఇంటరప్ట్ కంట్రోలర్ దగ్గర, అంటే పరికరాల లైన్లు అందుకుని సీపీయూకి చెప్పే చిప్ దగ్గర పుట్టేది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259ఏ చిప్ ఒకటి, 1984 నాటి ఏటీ మోడల్‌లో రెండు ఉండేవి, ఒక్కోదానికి ఎనిమిది లైన్లు. ఏదో పరికరం లైన్ లేపుతుంది, చిప్ సీపీయూని తడుతుంది, సీపీయూ "సరే, ఎవరు?" అని అడిగేలోపు ఆ లైన్ కిందికి దిగిపోతుంది. కారణం ఎలక్ట్రికల్ నాయిస్ కావచ్చు, సరిగ్గా అదే క్షణంలో డ్రైవర్ తన పరికరాన్ని నోరు మూయించడం కావచ్చు. సీపీయూ అడిగింది కాబట్టి చిప్ ఏదో ఒక నంబర్ చెప్పాలి. అది 7 అని చెప్తుంది. పీసీలో 7 అంటే ప్రింటర్ పోర్ట్ లైన్, అందుకే ప్రింటరే లేని మెషిన్లలో కూడా 7వ నంబర్ ఇంటరప్ట్ వచ్చిందని లాగ్‌లో కనిపించేది. నిజమో దొంగో తేల్చాలంటే చిప్ లోపల, ఇప్పుడు ఏ ఇంటరప్ట్‌లు నడుస్తున్నాయో చూపే ఇన్-సర్వీస్ రిజిస్టర్ చదవాలి. అందులో 7వ బిట్ సున్నా ఉంటే దొంగది. అప్పుడు పని ముగిసిందని చెప్పే ఈఓఐ పంపకూడదు. పంపితే, ఆ సమయంలో నిజంగా నడుస్తున్న వేరే ఇంటరప్ట్ ఏదైనా ఉంటే దాన్ని ముగించినట్టు అవుతుంది. రెండో చిప్ నుంచి వచ్చే దొంగ 15 విషయంలో ఒక మెలిక ఉంది. రెండో చిప్‌కి ఈఓఐ అక్కర్లేదు, మొదటి చిప్‌కి మాత్రం పంపాలి, ఎందుకంటే దాని దృష్టిలో రెండో చిప్ వేలాడే 2వ లైన్ నిజంగానే మోగింది. ఇంత చిన్న చిప్‌లో ఇంత సూక్ష్మం ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది.

తర్వాత వచ్చిన హార్డ్‌వేర్ ఈ సంగతిని దాచకుండా ఒప్పుకుంది. ఎక్స్86 సీపీయూలోనే ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్ లోకల్ ఏపిక్‌లో దొంగ ఇంటరప్ట్‌ల కోసమే ఒక వెక్టర్, అంటే ఇంటరప్ట్ నంబర్, విడిగా పెట్టారు, లినక్స్ దానికి 255 ఇస్తుంది, దానికీ ఈఓఐ ఉండదు. ఆర్మ్ ప్రాసెసర్ల ఇంటరప్ట్ కంట్రోలర్ జీఐసీలో 1023 అనే నంబర్ వస్తే "ఏమీ లేదు, వెనక్కి వెళ్లు" అని అర్థం. ఈ రకాన్ని కెర్నల్ కోర్ చూసుకుంటుంది, డ్రైవర్ దాకా రాదు.

మనల్ని పట్టుకునేది రెండో రకం. లైన్ నిజంగానే మోగింది, కంట్రోలర్ సరైన నంబరే చెప్పింది, హ్యాండ్లర్లని పిలిస్తే ఒక్కరూ "నాదే" అనలేదు.

పాత లోగిళ్లలో నాలుగు పోర్షన్లకీ కలిపి గేటు దగ్గర ఒకటే కాలింగ్ బెల్ ఉండేది, గుర్తుందా? మోగితే నాలుగిళ్లవాళ్లూ తొంగి చూడాలి. పీసీఐలో పాత పద్ధతి లైన్లు అచ్చం అంతే. పైగా అవి లెవెల్ ట్రిగ్గర్, అంటే వచ్చినవాడు తలుపు తీసేదాకా బెల్ మీద నుంచి వేలు తీయడు. కెర్నల్ ఆ లైన్ మీద ఉన్న ప్రతి హ్యాండ్లర్‌నీ పిలుస్తుంది. మన హ్యాండ్లర్ తన పరికరం స్టేటస్ రిజిస్టర్ చదివి, తనదైతే పని చేసి ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్ అని చెప్పాలి, తనది కాకపోతే ఐఆర్‌క్యూ నన్ అని చెప్పాలి. ఒకప్పుడు హ్యాండ్లర్లు ఏ జవాబూ చెప్పేవి కావు, 2.5 డెవలప్‌మెంట్ సిరీస్‌లో ఈ మార్పు వచ్చి, 2003 డిసెంబర్‌లో విడుదలైన 2.6తో అందరికీ అందింది. ఆ జవాబు ఉంది కాబట్టే కెర్నల్ లెక్క పెట్టగలుగుతోంది. లక్ష ఇంటరప్ట్‌ల గుంపులో 99,900 కంటే ఎక్కువ ఎవరూ పట్టించుకోనివైతే, ఇందాక మీరు చదివిన మెసేజ్ వేసి లైన్ మూసేస్తుంది. అప్పుడప్పుడూ ఒకటీ అరా వచ్చే దొంగవాటిని అది పట్టించుకోదు. రెండు దొంగవాటి మధ్య సెకనులో పదో వంతు కంటే ఎక్కువ గ్యాప్ ఉంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. మూసేది తుఫానుని మాత్రమే.

ఇప్పుడు మా కార్డు సంగతికి వస్తాను. ఆ కార్డు రీసెట్ అయ్యాక తన ఇంటరప్ట్ సోర్సులన్నిటినీ ఆన్‌లోనే ఉంచుకుంటుంది. మా హ్యాండ్లర్‌కి తెలిసింది ఒకటే బిట్, డేటా రెడీ. పొద్దున లోడ్ తక్కువ కాబట్టి ఆ ఒక్కటే వచ్చేది. మధ్యాహ్నం సెన్సార్ల వేగం పెంచి భోజనానికి వెళ్లాం, కార్డులో బఫర్ నిండి పొంగింది, ఓవర్‌ఫ్లో బిట్ లేచింది. మా హ్యాండ్లర్ డేటా రెడీ ఉందా అని చూసింది, లేదు, ఐఆర్‌క్యూ నన్ అని తిరిగొచ్చింది. ఓవర్‌ఫ్లో బిట్‌ని ఎవరూ దించలేదు. వేలు బెల్ మీదే ఉంది. హ్యాండ్లర్ బయటికి రాగానే మళ్లీ ఇంటరప్ట్, మళ్లీ నన్, మళ్లీ ఇంటరప్ట్. ఆ వేగంలో లక్ష అంటే ఎంతసేపు?

దిద్దుబాటు చిన్నదే. ప్రోబ్‌లో, అంటే డ్రైవర్ కార్డుని మొదట సిద్ధం చేసే ఫంక్షన్‌లో, అన్నిటికంటే ముందు కార్డు సోర్సులన్నీ ఆపేసి, స్టేటస్‌లో మిగిలి ఉన్నవన్నీ క్లియర్ చేసి, హ్యాండ్లర్ రిజిస్టర్ చేసుకున్నాక మాకు అర్థమయ్యే సోర్సులు మాత్రమే ఆన్ చేశాం. హ్యాండ్లర్‌లో తెలియని బిట్ కనిపిస్తే దాన్ని దించి, ఆ సోర్స్ ఆపేసి, లాగ్‌లో ఒక మాట రాసి, హ్యాండిల్డ్ అని చెప్పడం మొదలుపెట్టాం. తెలియని బిట్ అయినా అది మా కార్డుదే కదా, మాది కాదని చెప్పడం అబద్ధం.

అబద్ధం అనే మాట ఊరికే వాడలేదు. కోడ్ రివ్యూల్లో నాకు బాగా కోపం తెప్పించేది దీనికి ఎదురు అబద్ధం, అంటే ఏం జరిగినా సరే చివర్లో ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్ అని తిరిగొచ్చే హ్యాండ్లర్. రాసినవాళ్లని అడిగితే "నోబడీ కేర్డ్ వస్తోంది, ఇలా మారిస్తే పోయింది" అంటారు. పోయింది మెసేజ్ మాత్రమే. తుఫాను అలాగే ఉంది, ఇప్పుడు దాన్ని ఆపే కాపలాదారుని కూడా నిద్రపుచ్చారు. ఒక సీపీయూ పూర్తిగా హ్యాండ్లర్‌లోనే కూరుకుపోతుంది, కాసేపటికి సీపీయూ ఇరుక్కుపోయిందని సాఫ్ట్ లాకప్ అనో ఆర్‌సీయూ స్టాల్ అనో సంబంధం లేని చోట మెసేజ్ వస్తుంది, దాన్ని పట్టుకుని వేరే టీమ్ వారం రోజులు షెడ్యూలర్‌లో, అంటే ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే కోడ్‌లో, వెతుకుతుంది. షేర్డ్ లైన్ అయితే ఇంకా అన్యాయం. కెర్నల్ అందరి జవాబులూ కలిపి, ఒక్కరు హ్యాండిల్డ్ అన్నా మొత్తం హ్యాండిల్ అయినట్టే తీసుకుంటుంది, కాబట్టి మన అబద్ధం పక్కవాడి తప్పుని కూడా కప్పేస్తుంది.

తుఫాను స్థాయికి చేరకుండా మెల్లగా తినేసేది ఇంకోటి ఉంది. పీసీఐ మీద రైట్లు పోస్టెడ్, అంటే సీపీయూ రాసేసి ముందుకెళ్లిపోతుంది, ఆ రాత పరికరానికి చేరేసరికి కొంత టైమ్ పడుతుంది. హ్యాండ్లర్ ఆఖరి లైన్లో ఇంటరప్ట్ దించమని రాసి వెంటనే తిరిగొచ్చేస్తే, రాత దారిలో ఉండగానే కెర్నల్ లైన్ తెరుస్తుంది, లైన్ ఇంకా పైనే ఉంది, మన హ్యాండ్లర్‌ని మళ్లీ పిలుస్తుంది. ఈలోపు రాత చేరిపోయి స్టేటస్ సున్నా అయిపోయింది, మనం నన్ అంటాం. ప్రతి నిజమైన ఇంటరప్ట్‌కీ తోడు ఒక దొంగది. సగానికి సగమే కాబట్టి 99,900 గీతని ఎప్పటికీ తాకదు, కెర్నల్ ఏమీ అనదు, సీపీయూ మాత్రం రెట్టింపు పని చేస్తుంది. ఇంటరప్ట్ దించే రాతని హ్యాండ్లర్‌లో ముందుకి జరిపి, దాని తర్వాత అదే పరికరం నుంచి ఏదో ఒక రిజిస్టర్ చదవండి. ఆ చదువు వెనక్కి రావాలంటే ముందున్న రాత చేరి తీరాలి. మీ డ్రైవర్‌లో ఇది జరుగుతోందో లేదో చూడాలంటే కెర్నల్ తన లెక్కలు చూపించే ప్రాక్ (/proc) కింద ఐఆర్‌క్యూ ఫోల్డర్‌లో, మీ లైన్ నంబర్ లోపల స్పూరియస్ అనే ఫైలు ఉంటుంది, ఎన్ని లెక్కించారు, అందులో ఎన్ని ఎవరూ పట్టించుకోలేదు అని చెప్తుంది. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది ఆ ఫైలు తెరిచి చూశారో నాకు తెలియదు, ఈ రాత్రికి తెరవండి.

స్టేటస్ చదివితే 32 బిట్లూ ఒకట్లే వచ్చాయనుకోండి. తొందరపడి "అబ్బో, అన్ని ఇంటరప్ట్‌లూ ఒకేసారి వచ్చాయి" అనుకోకండి. పీసీఐలో పరికరం లేనప్పుడు, పీకేసినప్పుడు, పవర్ పోయినప్పుడు చదువు ఫలితం అలాగే ఉంటుంది. దాన్ని విడిగా చెక్ చేసి, నన్ అని చెప్పి బయటికి రావాలి. ఈ ఒక్క చెక్ లేక, కార్డు పీకిన క్షణంలో లూప్‌లో ఇరుక్కుపోయిన డ్రైవర్లని చూశాను.

సస్పెండ్‌లో, అంటే పరికరాన్ని నిద్రపుచ్చేటప్పుడు, ఇంకా జాగ్రత్త కావాలి. మన పరికరం నిద్రపోతోంది, లైన్ పంచుకున్న పక్కవాడు మేలుకుని ఉన్నాడు, వాడి ఇంటరప్ట్‌కి మన హ్యాండ్లర్‌ని కూడా పిలుస్తారు. కొన్ని ఆర్మ్ చిప్‌లలో క్లాక్ ఆపేసిన బ్లాక్ రిజిస్టర్ చదివితే చిప్‌లో డేటా నడిచే దారి, అంటే బస్, మొత్తం ఆగిపోతుంది, సున్నా కూడా రాదు. కాబట్టి నిద్రపుచ్చే ముందు వరస ముఖ్యం. పరికరంలో ఇంటరప్ట్ ఆపు, నిద్రపోతున్నామని ఒక ఫ్లాగ్ పెట్టు, సింక్రనైజ్ ఐఆర్‌క్యూ పిలిచి నడుస్తున్న హ్యాండ్లర్ అయిపోయేదాకా ఆగు, ఆ తర్వాతే క్లాక్ తీయి. హ్యాండ్లర్ మొదట ఆ ఫ్లాగ్ చూడాలి. హ్యాండ్లర్‌ని రిజిస్టర్ చేసే రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ పిలిచేటప్పుడు కూడా ఇదే భయం ఉండాలి. ఆ పిలుపు పూర్తికాక ముందే హ్యాండ్లర్ నడవొచ్చు, అప్పటికి లాక్ సిద్ధంగా లేకపోతే పని అయిపోయినట్టే.

ప్రతిసారీ తప్పు డ్రైవర్‌దే అని కూడా అనను. కొన్ని ఇంటెల్ సర్వర్ చిప్‌సెట్లలో 8259 స్థానంలో వచ్చిన కంట్రోలర్ ఐఓ ఏపిక్ దగ్గర ఒక లైన్‌ని మాస్క్ చేస్తే, అంటే వినపడకుండా ఆపితే, చిప్‌సెట్ అదే ఇంటరప్ట్‌ని పాత 8259 దారిలో ఇంకో నంబర్ మీదకి మళ్లించేది, పాత ఓఎస్‌లు బూట్ అవ్వడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ నంబర్ మీద కూర్చున్న అమాయకపు డ్రైవర్ "నాది కాదు" అంటే, కెర్నల్ వాడి లైన్ మూసేసేది. కెర్నల్‌లో వాటికోసం ప్రత్యేకంగా క్విర్క్‌లు, అంటే హార్డ్‌వేర్ లోపాల్ని సర్దే కోడ్, రాయాల్సి వచ్చింది. అలాగే కెర్నల్ క్రాష్ అయ్యాక, క్రాష్ వివరాలు దాచే కేడంప్ అనే ఏర్పాటు రెండో కెర్నల్‌ని లేపుతుంది, అప్పటికి పరికరాలు వేలు తీయకుండా మోగిస్తూనే ఉంటాయి, వాటి డ్రైవర్లు ఇంకా లోడ్ కాలేదు. ఐఆర్‌క్యూపోల్ అనే బూట్ ఆప్షన్ పెడితే, ఎవరూ పట్టించుకోని ఇంటరప్ట్ వచ్చినప్పుడు కెర్నల్ మిగతా లైన్ల హ్యాండ్లర్లని కూడా పిలిచి అడుగుతుంది. అది అక్కడ సరైన మందు. మామూలు మెషిన్‌లో అదే పెట్టి వదిలేస్తే జబ్బు లోపలే ఉంటుంది.

ఎంఎస్ఐ, అంటే లైన్ లేపకుండా పరికరం మెసేజ్ రాసి ఇంటరప్ట్ ఇచ్చే పద్ధతి, వాడొచ్చు కదా అంటారు. వాడండి, తప్పకుండా. 1998 నాటి పీసీఐ 2.2తో వచ్చింది, లైన్ పంచుకునే గొడవ ఉండదు. కానీ ఎంఎస్ఐ దొరక్కపోతే చాలా డ్రైవర్లు పాత లైన్‌కే దిగుతాయి, ఆ దారిని ఎవరూ టెస్ట్ చేయరు.

టెస్ట్ చేయడానికి కెర్నల్‌లో డీబగ్ షిర్క్ (DEBUG_SHIRQ) అనే కాన్ఫిగ్ ఉంది. షేర్డ్ లైన్‌ని వదిలేసేటప్పుడు కావాలని హ్యాండ్లర్‌ని ఇంకోసారి పిలుస్తుంది, మెమరీ ముందే వదిలేసి ఉంటే అక్కడే పడిపోతుంది. అది ఆన్ చేసి మాడ్యూల్‌ని వందసార్లు ఎక్కించి దించండి.

ఇదిగో, అప్పటి కార్డు లాంటిదే ఒకటి ఈ మెషిన్‌లో ఉంది. పాత డ్రైవర్ ముందు లోడ్ చేస్తాను, ఎడమవైపు విండోలో స్పూరియస్ ఫైలు అంకెలు, కుడివైపు కెర్నల్ లాగ్. సెన్సార్ వేగం పెంచగానే మౌస్ గెంతడం మొదలవుతుంది, అందుకే వేరే మెషిన్ నుంచి ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ముందే తెరిచి పెట్టుకున్నాను. ఎడమవైపు చూస్తూ ఉండండి.