బోగీలో బస

శ్రోతలకు నమస్కారం.

సెలవులకు ఊరెళ్ళాలంటే రైలెక్కుతాం. అసలు కదలని రైలు పెట్టెలోనే వారం రోజులు వండుకుని, తిని, పడుకుని తిరిగొస్తే? ఇప్పుడు చాలా దేశాల్లో అలాంటి బసలకు మంచి గిరాకీ ఉంది. పాత బోగీల్లో మంచాలు వేసి అద్దెకిస్తున్నారు, మూతబడ్డ స్టేషన్లను హోటళ్ళు చేస్తున్నారు. ఫొటోలు చూస్తే ఇదేదో ఈ కాలపు సరదా అనిపిస్తుంది గానీ, ఈ ముచ్చటకు 90 ఏళ్ళు దాటాయి. పైగా దీన్ని మొదలుపెట్టినవాళ్ళు భావుకులేం కాదు, జమాఖర్చులు చూసుకునే రైల్వే కంపెనీవాళ్ళు.

అప్పట్లో బ్రిటన్‌లో రైళ్ళు ప్రభుత్వానివి కావు. నాలుగు పెద్ద ప్రైవేటు కంపెనీలు నడిపేవి. బస్సులు, కార్లు వచ్చి ప్రయాణికులను లాగేసుకుంటున్న రోజులవి. ఆ నాలుగింటిలో ఒకటైన లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే దగ్గర రెండు రకాల పనికిరాని ఆస్తి పోగుపడింది. కాలం చెల్లిన ఆరు చక్రాల పెట్టెలు ఒకటి, పల్లెటూరి స్టేషన్ల పక్కన పెద్దగా వాడకం లేని సైడింగులు, అంటే బండ్లను పక్కకు నిలిపే పట్టాలు, ఇంకొకటి. 1933లో ఓ పది పెట్టెలను తీసి, లోపలి సీట్లు పీకేసి, ఆరుగురికి బెర్తులు, చిన్న వంటిల్లు, కూర్చోవడానికి ఒక గది అమర్చి, కొండల దగ్గర, సముద్రం దగ్గర ఉన్న సైడింగుల్లో నిలిపారు. వాటికి క్యాంపింగ్ కోచ్‌లని పేరు పెట్టారు. వారానికి అద్దె రెండు పౌండ్ల పది షిల్లింగులు. అప్పట్లో పౌండుకు ఇరవై షిల్లింగులు. ఆరుగురూ పంచుకుంటే మనిషికి పది షిల్లింగులు కూడా పడదు.

ఇంత చవగ్గా ఎలా ఇచ్చారంటే, అసలు లాభం అద్దెలో లేదు. బోగీ కావాలంటే ముందు ఇన్ని రిటర్న్ టికెట్లు కొనాలని షరతు పెట్టారు. అంటే బస్సులో పోయే కుటుంబాన్ని బస చూపించి రైలెక్కించారన్నమాట. వ్యాపారం తెలిసినవాళ్ళు!

లోపల దీపాలు నూనెవి. నీళ్ళు స్టేషన్‌లో పట్టుకోవాలి, మరుగుదొడ్డి కూడా స్టేషన్‌దే. స్టేషన్ మాస్టరే ఇంటి ఓనరు లెక్క. నగరంలో ఇరుకిళ్ళలో ఉండేవాళ్ళకు ఇవేవీ కష్టాలుగా తోచలేదు. మరుసటి ఏడాదే ఇంకో రెండు కంపెనీలు, ఆ పై ఏడాది నాలుగోదీ అదే దారి పట్టాయి, రెండో ప్రపంచ యుద్ధం వచ్చే నాటికి బోగీల సంఖ్య వందల్లోకి చేరింది. యుద్ధకాలంలో అంతా ఆగిపోయింది. రైళ్ళు ప్రభుత్వపరమయ్యాక 1952లో మళ్ళీ మొదలుపెట్టి, 1971 దాకా నడిపి ఆపేశారు.

ఈలోగా ఇంకో పెద్ద మార్పు వచ్చింది. 1963లో రిచర్డ్ బీచింగ్ అనే ఆయన బ్రిటిష్ రైల్వేల నష్టాల మీద నివేదిక ఇచ్చారు. ఆయన రైలు మనిషి కాదు, రసాయనాల కంపెనీ నుంచి వచ్చినవారు. 2,363 స్టేషన్లు మూసేయాలన్నారు. కొన్ని బతికిపోయాయి గానీ చాలావాటికి తాళాలు పడ్డాయి. పట్టాలు పీకేశారు. మిగిలిపోయిన స్టేషన్ భవనాలు ఒక్కొక్కటీ ఇళ్ళయ్యాయి, హోటళ్ళయ్యాయి. అంతకుముందే ప్రయాణికుల బండ్లు ఆగిపోయిన పెట్‌వర్త్ స్టేషన్‌లోనైతే చెక్క భవనం పక్కన పుల్‌మన్ అనే పాత విలాసవంతమైన బోగీలు తెచ్చి నిలిపి, వాటిల్లో పడక గదులు కట్టారు. అందంగానే ఉంటాయి. కానీ బండి రాని స్టేషన్‌లో ఎంత ఖరీదైన గది ఉన్నా నాకు ఏదో వెలితిగానే తోస్తుంది.

ఆ వెలితి లేని చోట్లు స్కాట్లండ్‌లో ఉన్నాయి. అక్కడి వెస్ట్ హైలాండ్ లైను ఇంకా నడుస్తోంది. దాని మీద గ్లెన్‌ఫిన్నన్ అనే స్టేషన్‌లో ఒక పాత స్లీపర్ బోగీని బసగా మార్చారు. సినిమాల్లో కనిపించే 21 కమానుల వంతెన ఆ పక్కనే. అదే లైనులో కొర్రౌర్ అని ఇంకో స్టేషన్ ఉంది. సముద్రమట్టానికి 408 మీటర్ల ఎత్తు. జనం వాడుకునే రోడ్డు దగ్గర్లో లేదు, ఎటు చూసినా పది మైళ్ళు నడవాలి. అంటే అక్కడికి మామూలుగా చేరే దారి రైలొక్కటే. సిగ్నల్ కేబిన్‌ను గదులుగా మార్చారు. రైలు బస అంటే నా లెక్కలో ఇదే.

ఇక దర్జాకు వస్తే, స్పెయిన్‌లో ఫ్రాన్సు సరిహద్దు దగ్గర కాన్‌ఫ్రాంక్ స్టేషన్. పిరనీస్ పర్వతాల నడుమ చిన్న ఊళ్ళో 240 మీటర్ల పొడవున ఒక రాజభవనం లాంటి స్టేషన్ కట్టి, 1928లో ప్రారంభించారు. అంత పెద్దది ఎందుకంటే, స్పెయిన్ పట్టాల వెడల్పు వేరు, ఫ్రాన్సువి వేరు. మనుషులూ సామానూ అంతా అక్కడ దిగి బండి మారాల్సిందే, పైగా రెండు దేశాల కస్టమ్స్ తనిఖీలు. మీటర్ గేజి రోజుల్లో గుంతకల్లులో బండి మారిన పెద్దవాళ్ళకు ఆ హడావిడి చెప్పక్కర్లేదు. 1970లో ఫ్రాన్సు వైపు ఒక గూడ్సు అదుపు తప్పి వంతెనను కూల్చేసింది. ఆ వంతెన మళ్ళీ కట్టలేదు, దాంతో రెండు దేశాల మధ్య బండ్లు ఆగిపోయాయి. అంత భవనమూ దశాబ్దాల పాటు పాడుబడి, 2023లో అయిదు నక్షత్రాల హోటల్‌గా తెరుచుకుంది.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అభయారణ్యంలో ఇంకా ఘనం. స్కుకుజా దగ్గర సాబీ నది మీద వాడకం మానేసిన రైలు వంతెన ఉంది. 1920లలో అడవి చూడ్డానికి వచ్చిన రైళ్ళు రాత్రిళ్ళు అక్కడ ఆగేవి. 2020 నుంచి అదే వంతెన మీద బోగీల వరుస నిలిపి హోటల్ నడుపుతున్నారు. కిటికీలోంచి చూస్తే కింద ఏనుగులు, మొసళ్ళు. అద్దె మాత్రం మామూలు జీతగాడికి అందేది కాదు.

మరి మన దగ్గరో? స్టేషన్‌లో పడుకోవడం మనకు కొత్తేం కాదు, రిటైరింగ్ రూములు ఎప్పటి నుంచో ఉన్నాయి. రైలు టికెట్ ఉంటేనే గది ఇస్తారు. 1933 నాటి షరతు గుర్తొచ్చింది కదూ? పాత బోగీలకూ కొదవ లేదు. చెన్నైలోని బోగీల ఫ్యాక్టరీ ఐసీఎఫ్ 2018లో పాత రకం పెట్టెల తయారీ ఆపేసింది, ఉన్నవి ఒక్కొక్కటే పక్కకు తప్పుకుంటున్నాయి. కాచిగూడ, గుంటూరు లాంటి చోట్ల అలాంటివి రెస్టారెంట్లయ్యాయి. బస దాకా పెద్దగా ఎందుకు రాలేదంటే, నాకు కనిపించే మొదటి అడ్డంకి ఎండ. కోవిడ్ వచ్చిన 2020లో 5,000కు పైగా బోగీలను ఐసొలేషన్ వార్డులుగా మార్చినప్పుడు, ఎండకు కాగిన ఆ ఇనుప పెట్టెలను చల్లబరచడానికి పైకప్పులకు ప్రత్యేకమైన పూతలు వేయాల్సి వచ్చింది. మే నెలలో రెంటచింతలలో పగలంతా ఎండకు నిలిపిన బోగీలో ఎవరు పడుకుంటారు? ఏసీ పెడితే కరెంటు బిల్లు అద్దెను మింగేస్తుంది. చల్లగా ఉండే అరకు లైను మీద పెట్టచ్చు. కాకపోతే అక్కడ ఇనుప ఖనిజం మోసే గూడ్సులు తిరుగుతుంటాయి, నిద్ర పట్టడం మీ అదృష్టం.

బ్రిటన్‌లో మీ పిల్లలుంటే, వేసవిలో మీరు అక్కడికి వెళ్ళేటట్టయితే ఒకసారి ప్రయత్నించండి. ముందే రెండు సంగతులు అడగాలి. బెర్తు మీద పడుకోలేని పెద్దవాళ్ళకు కింద మంచం ఉందా, బాత్రూమ్ బోగీలోనే ఉందా, బయటకు నడవాలా అని. కొర్రౌర్ లాంటి చోటికైతే తిరుగు బండి టైము కూడా చూసుకుని ఎక్కండి. అక్కడికి రోజుకు వచ్చే బండ్లను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అది తప్పితే పిలవడానికి ఆటో కూడా ఉండదు.

నమస్కారం.