రెండో కంట్రోలర్ దొరికింది!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? "సెలవు రోజు ఏం చేస్తావో చూపించరా" అని అమ్మ ఒకటే అడుగుతోంది, అందుకే ఈ వీడియో. అసలు ఇల్లు సర్దడం చూపిద్దామనుకున్నా. సోఫా కింద వీడియో గేమ్ రెండో కంట్రోలర్ దొరికింది, సర్దుడు అక్కడే ఆగిపోయింది.

దగ్గరగా పెడతా చూడండి. నా కంట్రోలర్‌కి ఎడమ స్టిక్ మీద రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. దీనికి మాత్రం గరుకు అలాగే ఉంది. పోయినేడు తమ్ముడు వచ్చినప్పుడు వాడికోసం కొన్నా. ఇద్దరం ఆడదామని కొత్త గేమ్ పెడితే, మెనూ అంతా వెతికినా స్ప్లిట్ స్క్రీన్ లేదు, అదే, ఒకే టీవీని ముక్కలు చేసుకుని కలిసి ఆడే పద్ధతి. ఇద్దరూ ఆడాలంటే రెండు కన్సోళ్లు, రెండు టీవీలు, రెండు సబ్‌స్క్రిప్షన్లు కావాలట. నా భుజానికి ఆనుకుని కూర్చున్నవాడితో ఆడటానికి! "పోన్లే అన్నయ్యా, వంతులేసుకుందాం" అన్నాడు వాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

1996లో వచ్చిన నింటెండో 64 కన్సోల్‌కి ముందువైపే కంట్రోలర్లు గుచ్చడానికి నాలుగు పోర్టులుండేవి. ఆ మరుసటేడు వచ్చిన గోల్డెన్‌ఐ అనే గేమ్‌లో నలుగురు ఒకే టీవీని నాలుగు ముక్కలు చేసుకుని కాల్చుకునేవాళ్లు, పక్కవాడి ముక్కలోకి తొంగిచూసి ఎక్కడ నక్కాడో పట్టేసేవాళ్లు. అలా ఆడుకోవడానికే పేరుపడ్డ హేలో గేమ్ సిరీస్, 2015లో ఐదో భాగానికి వచ్చేసరికి స్ప్లిట్ స్క్రీన్ తీసేసింది. ఆ తర్వాతి హేలో ఇన్ఫినిట్‌లో, కథ నడిచే క్యాంపెయిన్‌కి ఇస్తామని చెప్పి, 2022లో అదీ మానుకున్నారు.

కారణం లేకపోలేదు. ఇద్దరికీ వేర్వేరుగా చూపించాలంటే కన్సోల్ ఆ లోకాన్ని ప్రతి ఫ్రేమ్‌లో రెండుసార్లు గీయాలి. గ్రాఫిక్స్ బరువెక్కేకొద్దీ అది మోయలేని పని. బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ కూడా 2023లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అనే తక్కువ శక్తి కన్సోల్ మీదికి స్ప్లిట్ స్క్రీన్ లేకుండానే వచ్చింది.

కానీ ఇట్ టేక్స్ టూ అనే గేమ్ చూడండి, ఒక్కరే ఆడటం అసలు కుదరదు. 2021లో ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ అదే! ఆ రాత్రి మేం చివరికి అదే పెట్టాం. వాడు గోడకి మేకు విసరాలి, నేను సుత్తితో దాన్ని పట్టుకుని ఊగి అవతలికి దూకాలి. వాడు ఆలస్యం చేసి నేను పడ్డ ప్రతిసారీ వాడి డొక్కలో ఓ పోటు. తెల్లారి నాలుగు దాకా ఆడాం.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో కలుస్తాం. బానే ఉంటుంది. అయినా వాడి నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది, ఈలోపు నా నవ్వు అయిపోతుంది.

దీని బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. వాడికి ఫొటో పంపితే, "ఛార్జింగ్ పెట్టన్నయ్యా, వచ్చే నెల వస్తున్నాగా" అన్నాడు. ఇదిగో పెట్టా, లైటు వెలిగింది చూడండి.