వేగాన్ని కొలిచే పరికరానికీ ముద్ర ఉండాలి

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

కూరగాయల అంగడిలో కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూసే హక్కు మనకుందని అందరికీ తెలుసు. పెట్రోలు బంకులోని పంపుకైనా అంతే. కానీ రోడ్డు పక్కన నిలబడి మన బండి వేగాన్ని కొలిచి, ఆ అంకె ఆధారంగా జరిమానా పడేలా చేసే పరికరం గురించి మాత్రం ఈ ప్రశ్న మనం గట్టిగా అడగలేదు. తూనికలు కొలతల సాధారణ నియమాలు, 2011కు కేంద్ర ప్రభుత్వం కొత్త నిబంధనలు చేర్చి, 2025 జులై 1 నుంచి అమలయ్యేలా ప్రకటించింది. వాటి ప్రకారం వాహన వేగాన్ని కొలిచే రాడార్ పరికరాన్ని పరీక్షించి ముద్ర వేసిన తర్వాతే వాడాలి. ఇది ఎప్పుడో రావలసిన నియమమని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ పరీక్ష ఎలా ఉంటుంది? రాడార్ పంపిన తరంగం కదిలే బండికి తగిలి తిరిగి వచ్చేటప్పటికి దాని పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. 1842లో శాస్త్రవేత్త డాప్లర్ వివరించిన సూత్రమే ఇది. 24.15 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేసే రాడార్‌లో గంటకు ఒక్కో కిలోమీటరు వేగానికి ఈ మార్పు దాదాపు 44.7 హెర్ట్జ్ ఉంటుంది. అందుచేత సెకనుకు 2,236 సార్లు కంపించే శృతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి రాడార్ ముందు పట్టుకుంటే, బండి ఏదీ లేకపోయినా తెర మీద 50 అనే అంకె కనిపించాలి. పాఠశాలలో ధ్వని పాఠానికి వాడిన శృతిదండం వంటిదే ఇక్కడ తూకపు రాయి పని చేస్తుంది.

అయితే ప్రయోగశాలలో నెగ్గిన పరికరం రోడ్డు మీద కూడా నెగ్గుతుందని అనుకోవడానికి వీల్లేదు. స్తంభానికి బిగించిన రాడార్ బండిని ఏటవాలుగా చూస్తుంది కనుక, అసలు వేగం కంటే తక్కువ కనిపిస్తుంది. ఆ లోటును పూడ్చడానికి కోణాన్ని ముందే లెక్కలో పెడతారు. 20 డిగ్రీలకు సరిచేసిన పరికరం బోల్టులు వదులై 15 డిగ్రీలకు తిరిగిందనుకోండి, అప్పుడు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారును అది దాదాపు 103 అని చూపిస్తుంది. లోపలి ఎలక్ట్రానిక్ భాగాల్లో ఏ దోషమూ లేకుండానే వచ్చే తప్పు ఇది. కాబట్టి పరికరాన్ని అమర్చిన చోటే, వేగం కచ్చితంగా తెలిసిన వాహనాన్ని దాని ముందు నడిపి చూడాలి.

మన రోడ్ల మీద పోలీసుల చేతుల్లో కనిపించే లేజర్ గన్ పద్ధతి వేరు. అది కాంతి స్పందనలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం ఎంత తగ్గుతోందో లెక్కకడుతుంది. చెయ్యి కదిలి, ఆ కిరణం అర సెకనులో కారు అద్దం మీద నుంచి బానెట్ వెంట ఒక మీటరు ముందుకు జారితే, గంటకు 7 కిలోమీటర్లు లేని వేగం వచ్చి చేరుతుంది. ఇలాంటి కొలతను పసిగట్టి తిరస్కరించే ఏర్పాటు పరికరంలో ఉండాలి. ఆ ఏర్పాటు నిజంగా పనిచేస్తోందా అన్నది కూడా పరీక్షలో తేలాలి.

పరీక్ష గట్టిగా లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని బాల్టిమోర్ నగరం 2012లో చూసింది. గంటకు 38 మైళ్ల వేగంతో వెళ్లిందంటూ ఒక కారు యజమానికి 40 డాలర్ల జరిమానా వచ్చింది. తీరా ఆ నోటీసుతో వచ్చిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే, కారు ఎర్ర దీపం దగ్గర కదలకుండా నిలబడి ఉంది! మరుసటి సంవత్సరం ఆ నగరం వేగాన్ని కొలిచే కెమెరాలను ఆపివేయవలసి వచ్చింది.

ఫొటోలే సాక్ష్యం చెప్పాయన్నది ఇక్కడ గమనించండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి అర సెకనులో 5 మీటర్లు జరుగుతుంది. రోడ్డు మీద తెలిసిన దూరాల్లో తెల్లగీతలు వేసి ఉంటే, రెండు ఫొటోల మధ్య బండి ఎన్ని గీతలు దాటిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. జర్మనీలోనైతే కొలిచిన వేగం నుంచి 100 వరకు 3 కిలోమీటర్లు, అంతకు మించితే 3 శాతం తీసివేసి, మిగిలిన దానినే లెక్కలోకి తీసుకుంటారు.

మన దేశంలో 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమం 167ఎ ప్రకారం ఇలాంటి పరికరాలకు ఆమోద పత్రం ఉండాలి, దానిని ఏటా పునరుద్ధరించాలి. ఇ-చలానాలో పరికరం సంఖ్యతో పాటు దానిని చివరిసారి పరీక్షించిన తేదీని కూడా ముద్రించాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, పోలీసు శాఖలను ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.